ఇన్‌స్పెక్టరుగారి ప్రశ్న, సవర పల్లె సమాధానము

విశాఖపట్నమునుండి ఉత్తరముగా పోవు రైలు విజయనగరము, చీపురుపల్లి, పొందూరు దాటిన పిమ్మట ఆమదాలవలసలో నిలుచును. కాని స్టేషను పలకమీద ఆ పేరు ప్రధానముగా కానరాదు. 'శ్రీకాకుళం రోడ్డు' అని యుండును. ఆంగ్లేయుల కాలమున అది 'చికాకోల్ రోడ్డు'. ఇచ్చటివారు 'ఆమదాలవలసలో దిగినాము' అనియే చెప్పుదురు. టిక్కెట్టు మీద అచ్చయిన పేరు వేరు, నోట పలికెడి పేరు వేరు. మేము నేడు చెప్పబోవు చరిత్ర యంతయు ఇట్టి భేదమును గూర్చినదే. నోటి మాట యొకటి, పలకమీది మాట మరియొకటి అయినపుడు పసిపిల్లవాని చదువు ఏమగునని ఒకప్పుడు ఈ ప్రాంతమున ఒక ప్రశ్న పుట్టినది. ఆ ప్రశ్న తెలుగు దేశమంతటను వ్యాపించి, అర్ధశతాబ్దికి పైగా పండితులను, పత్రికలను, పాఠశాలలను కదలించినది.

ఆమదాలవలసనుండి రెండు దారులు మన కథకు కావలెను. ఒకటి వాయవ్యముగా పాలకొండ మీదుగా సీతంపేట కొండలకు పోవు రోడ్డు. ఆ కొండలలో సవరలు నివసింతురు. చింతపండు, పసుపు, అనాస, కొండచీపుళ్ళు వారినుండి మైదానమునకు దిగివచ్చును. రెండవది రైలు దారి. తిలారు, కోటబొమ్మాళి దాటిన తరువాత నౌపడా జంక్షను వచ్చును. అచటినుండి టెక్కలి, టెంబూరు, పాతపట్నముల మీదుగా పర్లాకిమిడికి ఒక చిన్న రైలు మార్గమును పర్లాకిమిడి రాజావారు వేయించిరి. సుమారు 40 కిలోమీటర్ల ఆ సన్న పట్టాల దారి 1900 సంవత్సరమున రాకపోకలకు తెరువబడినది. విజయనగరమునుండి పర్లాకిమిడికి రైలులో పోవువారెవరైనను ఆమదాలవలసను దాటియే పోవలెను. ఈ రెండు దారులను కలిపిన మనుష్యుడు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు.

ముందుగా ఒక ఇన్‌స్పెక్టరు రాకను గూర్చి చెప్పవలెను.

ఆ రోజులలో పాఠశాలకు ఇన్‌స్పెక్టరు వచ్చుట యనగా సామాన్యమైన విషయము కాదు. పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున మద్రాసు రాజధానిలో పిల్లల పరీక్షా ఫలితములను బట్టి పాఠశాలలకు గ్రాంటు నిచ్చు పద్ధతి యుండెడిది. ఆ పద్ధతి మారిన తరువాతను దాని భయము పంతుళ్ళను విడిచిపోలేదు. దొరగారు వచ్చుచున్నారని తెలిసినంతనే బడి గోడలకు సున్నము పడును. చురుకైన కుఱ్ఱలు ముందు వరుసకు వత్తురు. నాలుగు పద్యములు, పది ప్రతిపదార్థములు నోటికి వచ్చిన పిల్లవాడు ఆ దినమున బడికి మూలస్తంభము. వచ్చినవారు విందురు, తల యూపుదురు, పుస్తకమున వ్రాసి పోవుదురు. ఇటువంటి సందర్శనమువలన బడికి గ్రాంటు దక్కునేమో కాని, బడిలో నిజముగా జరుగుచున్న దేమో వచ్చినవారికి తెలియుట యరుదు.

1907 ప్రాంతమున జె.ఏ. యేట్సు అను ఆంగ్లేయుడు ఉత్తర సర్కారు జిల్లాలకు పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా వచ్చెను.  తెలుగు పాఠశాలలకు పోయి కూర్చుండి, చిన్న తరగతులలో పాఠము జరుగు తీరును గమనించెను. పంతులుగారు వాచకమునుండి ఒక వాక్యము చదువుదురు. అది పిల్లలకు తెలియదు. అర్థము చెప్పుదురు. ఆ అర్థము సైతము పిల్లలు ఇంట వినని మాటలతోనే యుండును. పిల్లలు దానిని వల్లెవేయుదురు. బడి విడిచి బయట పడినంతనే అదే పిల్లలు వేరొక భాషలో కేకలు వేసికొనుచు పరుగెత్తుదురు. లోపల 'వచ్చుచున్నాడు', వాకిట 'వస్తన్నాడు'. ఈ రెండింటి నడుమ ఇంత దూర మెందుకని ఆ దొరకు సందేహము కలిగినది. తప్పు పిల్లలదా, పుస్తకముదా?

ఆయన తన సందేహమును విశాఖపట్నమున మిసెస్ ఏ.వి.ఎన్. కళాశాలకు ప్రధానాచార్యులుగా నున్న పి.టి. శ్రీనివాస అయ్యంగారి యొద్ద పెట్టెను. శ్రీనివాస అయ్యంగారు పండితులు, చరిత్రజ్ఞులు. అంతటి విద్వాంసులును తామే సమాధానము చెప్పివేయలేదు. ఇందుకు తగినవారు ఇద్దరున్నారని చెప్పి, విజయనగరమున గురజాడ అప్పారావుగారిని, పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తిగారిని అడుగుమని చూపిరి. చిన్న మాటయే యైనను దీనిని మేము గొప్ప మాటగా భావింతుము. ఒక విద్యాధికారి తనకు తెలియని దానిని అడిగినాడు. అడుగబడినవాడు తనకంటె తెలిసినవారి పేరు చెప్పినాడు. ఈ రెండు వినయములు కూడకున్నచో ఆ సందర్శనము గూడ పుస్తకమున నాలుగు పంక్తులతో ముగిసి యుండెడిది.

గురజాడవారి పేరు చెప్పుటకు కారణము స్పష్టము. ఆయన 'కన్యాశుల్కము' 1897లోనే తొలి రూపమున అచ్చుపడినది. మనుష్యులు మాటలాడు తెలుగులో ఎంతటి గ్రంథము వ్రాయవచ్చునో అది చూపినది. మరి గిడుగువారి పేరెందుకు? ఆయన పర్లాకిమిడిలో బడిపంతులు. ఆనాటికి ఆయన కృషిలో పెద్ద భాగము తెలుగును గూర్చినది కాదు. కొండలలోని సవర భాషను గూర్చినది. కథలోని మర్మ మంతయు ఇచ్చటనే యున్నది.

రామమూర్తిగారు 1863 ఆగష్టు 29వ తేదీన శ్రీముఖలింగమునకు సమీపమున వంశధార యొడ్డునగల పర్వతాలపేటలో జన్మించిరి. తండ్రి వీర్రాజుగారు పర్లాకిమిడి సంస్థానమున రెవెన్యూ ఉద్యోగి. కుమారునికి పండ్రెండేండ్ల ప్రాయమున, 1875లో, ఆయన విషజ్వరముతో మరణించిరి. బాలుడు విజయనగరమున మేనమామగారింట నుండి మహారాజావారి పాఠశాలలో చదివెను. గురజాడవారు అచట ఆయనకు సహాధ్యాయి. 1879లో మెట్రిక్యులేషను కాగానే చదువు సాగించు తాహతు లేక, 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ముప్పది రూపాయల జీతముమీద ఉపాధ్యాయుడుగా చేరెను. పాఠములు చెప్పుచునే ప్రైవేటుగా చదివి పై పరీక్షలలో ఉత్తీర్ణుడయ్యెను. ముఖలింగ దేవాలయ శాసనములను చదువుటకై ప్రాచీన లిపులను స్వయముగా నేర్చి, పూర్వపు కళింగనగరము ముఖలింగమేయని ప్రతిపాదించెను. తెలియని దానిని తెలిసికొనుటకు ఎంత దూరమైనను పోవు స్వభావము అప్పటికే ఆయనలో స్థిరపడినది.

పర్లాకిమిడి చుట్టును కొండలు. సంతకు సవరలు దిగివచ్చెడివారు. పట్టణవాసులకు వారు సరకులు తెచ్చువారే కాని మాటలాడ తగినవారు కారు. తూకమునందును, ధరయందును మోసపోయి మరలిపోవుటయే వారికి అలవాటు. కాని మన ఇతిహాసమున వారి స్థానము మనకు దూరమైనది కాదు. ఐతరేయ బ్రాహ్మణమున విశ్వామిత్రుని శాపమునకు గురియైన కుమారుల సంతతిగా ఆంధ్రులు, పుండ్రులు, శబరులు, పులిందులు, మూతిబులు ఒక్క వరుసలో పేర్కొనబడిరి. ఆ కథ ననుసరించి చూచినచో ఆంధ్రులును శబరులును అన్నదమ్ములే. ఒకరి భాష ఒకరికి తెలియని అన్నదమ్ములు!

వారి భాష తెలుగునకు చుట్టము కాదు. ముండా కుటుంబమునకు చెందినది. సంతాలీ, ముండారీ భాషలు దానికి తోబుట్టువులు. దూరపు చుట్టఱికము విచారించినచో కంబోడియాలోని ఖ్మేరు భాషవరకు పోవలెను. కర్త, కర్మ, క్రియ విడివిడిగా నిలువక ఒక్క పదముగా అల్లుకొనిపోవుట ఆ భాషయందు తఱచు. గొంతులో ఊపిరిని ఒక్క క్షణము బిగబట్టి విడిచెడి ధ్వని యొకటి యందు కలదు. దానికి తెలుగు లిపిలో గుర్తే లేదు. వ్యాకరణము లేదు, నిఘంటువు లేదు, నేర్పెడి బడి లేదు. ఇట్టి భాషను రామమూర్తిగారు నేర్వ దలచి, తెలుగు తెలిసిన సవర నొకనిని తమ ఇంటనే యుంచుకొని, అతనిని గురువుగా భావించి మాట మాటకు అడిగి వ్రాసికొనిరి. 1890ల ఆరంభమున మొదలైన ఆ కృషి ముప్పది యైదేండ్లకు పైగా సాగినది.

ఇంట కూర్చుండి నేర్చినది చాలలేదు. కొండలకు పోవలసి వచ్చెను. సవర పల్లె యనగా ఎట్లుండునో పాఠకులు ఊహింప వలెను. ఇండ్లు వరుసలుగా, గోడకు గోడ ఆనుకొని యుండును. లోపలి గోడలమీద పితృదేవతల ప్రీతికై వ్రాసిన బొమ్మలుండును. కొండవాలున మెట్లు మెట్లుగా రాళ్ళు పేర్చి, నీటిని పై మడినుండి క్రింది మడికి దింపుచు వరి పండింతురు. ఒక్కని మడికి నీరు చేరవలెనన్నచో పైవాని సమ్మతి కావలెను. అందుచేత ఆ పల్లెలో ఎవడును ఒంటరి కాడు. ఊరికి పెద్ద గమాంగు. పూజాదులకు పెద్ద బుయ్య. పదవులు వంశపారంపర్యములు. ఒక తాతనుండి పుట్టిన వారందరు ఒక కట్టుగా నుందురు. మంచి యైనను చెడు యైనను పల్లె యంతయు కూర్చుండి మాటలాడుకొనియే నిశ్చయింతురు.

ఇట్టి పల్లెకు బయటినుండి వచ్చువారెవరు? అప్పు పెట్టు సావుకారు, సారా అమ్ము వర్తకుడు, శిస్తు అడుగు ఉద్యోగి, అడవి కాపలావాడు. కాగితము చేతబట్టి వచ్చిన ప్రతివాడును ఏదియో ఒకటి పట్టుకొని పోవువాడే. కాగితముమీద వేసిన వ్రేలిముద్ర పొలమును మ్రింగునని వారికి అనుభవము. అట్టిచోట ఒక పంతులు పుస్తకము చేతబట్టి, 'మీ పిల్లలకు చదువు చెప్పింతును' అని వచ్చినచో ఎవరు నమ్ముదురు? గమాంగును ఒప్పింపక బడికి ఒక్క పిల్లవాడును రాడు. అతనిని ఒప్పించుటకు దుబాసీని వెంటబెట్టుకొని పోయినచో, ఆ దుబాసీయే రేపటి సావుకారేమో యని వారి అనుమానము. కాగా వారి మాటలోనే వారితో మాటలాడుట దక్క వేరు మార్గము లేదు. రామమూర్తిగారి భాషాధ్యయనమునకు పాండిత్యము ఫలమే కాని మూలము కాదు. గడప దాటి లోనికి పోవుటకు అది తాళపుచెవి.

ఆ తాళపుచెవికి ఆయన చెల్లించిన మూల్యము చిన్నది కాదు. కొండ ప్రాంతములలో తిరుగుటవలన ఆయనకు మలేరియా జ్వరము పట్టినది. దానికై పుచ్చుకొన్న క్వినైనావలన వినికిడి మందగించినదని ఆయన జీవితచరిత్రకారులు చెప్పుదురు. రేడియో పెట్టె యొద్ద కూర్చుండి చెవి యొగ్గు మనకు ఈ సంగతి ప్రత్యేకముగా మనసున నాటవలెను. ఇతరుల మాట వినుటకై పోయినవాడు వినుటకు సాధనమైన చెవినే అర్పించి వచ్చినాడు. ఆ తరువాత గూడ ఆయన వినుట మానలేదు. 

భాష వచ్చిన తరువాత బడులు. సవర భాషలో పుస్తకములు వ్రాసి, సొంత ధనముతో పాఠశాలలు పెట్టి, ఉపాధ్యాయులకు తామే జీతములిచ్చి, సవర పిల్లలకు సవర భాషలోనే తొలి చదువు చెప్పు ఏర్పాటు చేసిరి. ఈ వాక్యము వ్రాయుట సులభము. ఆనాటి బడిపంతులు జీతమును దలచుకొన్నచో దీని బరువు తెలియును. బడి పెట్టుటకంటె కష్టమైనది దానిలో ఉపాధ్యాయుని నిలుపుట. అక్షరము వచ్చిన సవర లేడు. సవర వచ్చిన అక్షరాస్యుడు అరుదు. మైదానపు పంతులు కొండకు పోవుటకు జ్వరమునకు భయపడును. జ్వరమునకు భయపడనివాడు అంటునకు భయపడును. అందుచేత ఆ బడులు ఆయన ఉత్సాహముతో లేచి, ఆయన శక్తి మేరకు నడచినవే కాని, కొండలంతటను అల్లుకొని నిలువలేకపోయినవి. ఈ లోపమును దాచుట వలన ఆయనకు గౌరవము హెచ్చదు. ఒక వ్యక్తి జీతముతో నడచు బడి ఆ వ్యక్తి ఆయువుతో ముడిపడి యుండును.

ఐనను ఆ బడులు ఆయనకు ఒక సత్యమును నేర్పినవి. సవర పిల్లవానికి మొదటి దినముననే తెలుగు వాచకము నిచ్చినచో వాడు మూగవాడగును. వానికి తెలివి లేక కాదు. బడిలో వినబడు మాటకును ఇంటిలో వినబడు మాటకును సంబంధము లేక. తన మాటలో మొదలుపెట్టిన యెడల వాడే ప్రశ్న లడుగును. కొండమీద కన్నులార చూచిన ఈ సత్యమును వెంటబెట్టుకొని మైదానమునకు దిగి, తన తరగతిలోని తెలుగు పిల్లలను చూచినపుడు రామమూర్తిగారికి ఏమి కనబడినదో ఊహించుట కష్టము కాదు. ఈ పిల్లలును పరభాషలోనే చదువుచున్నారు! తేడా యేమనగా, సవర పిల్లవానికి అది పరభాషయని అందరికిని తెలియును. తెలుగు పిల్లవానికి అది పరభాషయని ఎవరును ఒప్పుకొనరు.

యేట్సుగారి ప్రశ్న పర్లాకిమిడికి చేరు వేళకు సమాధానము ఈ విధముగా సిద్ధమై యుండెను. శ్రీనివాస అయ్యంగారు, యేట్సుగారు, గురజాడవారు, గిడుగువారు కలిసిన ఆ చిన్న కూటమినుండియే తెలుగు బోధన సంస్కరణ యత్నము బయలుదేరినది. అందరును పాఠశాలలతోను, విద్యతోను బ్రతుకు ముడివేసికొన్నవారే. మొదట వారు తలపెట్టినది సాహిత్య విప్లవము కాదు. పిల్లవాడు తనకు తెలిసిన మాటతో వాక్యము వ్రాయవచ్చునా యన్నదే వారి విచారణ. 1911లో ఉద్యోగ విరమణ చేసిన రామమూర్తిగారు అటుపైన తమ కాలమంతయు ఈ పనికే ధారవోసిరి.

ఎదుటి పక్షమువారి మాట గూడ న్యాయముగా చెప్పవలెను. 1911లో మద్రాసున ఆంధ్ర సాహిత్య పరిషత్తును స్థాపించిన జయంతి రామయ్య పంతులుగారు మొదలైనవారు అజ్ఞానులు కారు. వాడుక భాష ఊరికొక తీరుగా నుండును. శ్రీకాకుళపు మాట నెల్లూరున చెల్లదు. కావ్యభాష ఒక్కటియే తెలుగువారి నందరను కట్టి యుంచిన త్రాడు అని వారి భయము. అందు నిజము లేకపోలేదు. దీనికి గిడుగువారు ఇచ్చిన జవాబు ఆవేశపూరితమైనది కాదు, పరిశోధనాత్మకమైనది. పూర్వుల శాసనములను, వచన గ్రంథములను, పండితులు తాము వ్రాసిన లేఖలను ముందుపెట్టి, గ్రాంథికమని మీరు చెప్పుదానిని మీరే తప్పులు లేక వ్రాయలేకున్నారని చూపిరి. పండితునికే లొంగని భాష పదేండ్ల పిల్లవానికి లొంగునా యని ఆయన వాదసారము.

గెలుపు వెంటనే రాలేదు. స్కూలు ఫైనలు పరీక్షలో వ్యాసమును ఆధునిక భాషలో వ్రాయుటకు కొంతకాలము అనుమతి లభించినది. ఆ అనుమతి 1914, 15 ప్రాంతమున రద్దయినది. మద్రాసు విశ్వవిద్యాలయపు సంఘమున గురజాడవారు ఒంటరిగా నిలిచి 1914లో తమ అసమ్మతి పత్రమును సమర్పించిరి. మరుసటి యేడు నవంబరు 30న ఆయన కాలధర్మము నొందిరి. మిగిలిన భారమంతయు చెవులు సరిగా వినబడని పర్లాకిమిడి పంతులుగారి మీద పడినది. 1919లో కందుకూరి వీరేశలింగముగారి అధ్యక్షతన రాజమహేంద్రవరమున వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజము ఏర్పడినది. ఆ సంవత్సరముననే రామమూర్తిగారు 'తెలుగు' అను పత్రికను నడపిరి. ఊరూర తిరిగి ఉపన్యసించిరి. ఆయన పోయిన ప్రతి సభయు ఒక బడి వంటిదే. ఎదుటివారి గ్రంథములనే తెరచి పాఠము చెప్పెడివారు.

ఇంత పోరాటములోను ఆయన సవరలను మరువలేదు. 1931లో ఆంగ్లమున వ్రాసిన ఆయన సవర భాషా వ్యాకరణమును మద్రాసు ప్రభుత్వము ప్రకటించినది. 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వెలువడినది. ప్రభుత్వము 1913లో 'రావు సాహెబు' బిరుదమును, అటుపిమ్మట కైజరీహిందు పతకమును ఇచ్చినది. 1938లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 'కళాప్రపూర్ణ' గౌరవము నొసగినది. ఆయన కుమారుడు గిడుగు వేంకట సీతాపతిగారును ఆ భాషాధ్యయనమును కొనసాగించిరి.

1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైనది. పర్లాకిమిడి అందు చేరినది. అది కూడదని రామమూర్తిగారు గట్టిగా పోరాడియుండిరి. అర్ధశతాబ్దికి పైగా నివసించిన ఊరిని ఆయన విడిచి రాజమహేంద్రవరమునకు వచ్చిరి. ఆ సరిహద్దు రేఖ తెలుగువారిని మాత్రమే చీల్చలేదు. ఒక్క కట్టుగా నుండిన సవర కొండలనుగూడ రెండు రాష్ట్రములకు పంచినది. అదే 1936లో ఆ కొండలలో మరియొక సంగతి జరిగినది. మంగై గమాంగు అను సవర పెద్ద తమ భాషకు స్వతంత్రమైన లిపిని కల్పించెను. 'సొరంగ్ సొంపెంగ్' అని దాని పేరు. బయటి పంతులు వచ్చి మీ భాష వ్రాయదగినదని చెప్పిన నాలుగు దశాబ్దులకు, లోపలి పెద్దయే లేచి మా అక్షరములు మావి యనినాడు. ఆ లిపి 2012లో యూనికోడునందు స్థానము పొందినది.

రామమూర్తిగారు 1940 జనవరి 22న పరమపదించిరి. ఆ తరువాత పత్రికలు, రేడియో, సినిమా ఆయన పక్షమునకే వచ్చినవి. నేడు ఆగష్టు 29ని తెలుగు భాషా దినోత్సవముగా జరుపుకొనుచున్నాము. ఈ వ్యాసమును మేము పాత పరిపాటి ననుసరించి ఈ భాషలో వ్రాయుట చూచినచో పంతులుగారు చిరునవ్వు నవ్వి, మా వాక్యములలో తప్పులు వెదకుటకు పెన్సిలు తీసి యుందురు. అందుకు మేము సిద్ధముగానే యున్నాము.

సవర బడి సంగతి యేమైనది? అది మాత్రము చాలకాలము వేచియుండవలసి వచ్చినది. 2004 ప్రాంతమున నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఎనిమిది గిరిజన భాషలలో ప్రాథమిక బోధన ప్రారంభించినది. అందు సవర యొకటి. తెలుగు లిపిలో సవర వాచకములు సిద్ధమైనవి. పంతులుగారు సొంత జీతముతో మొదలుపెట్టిన పనిని ప్రభుత్వము చేపట్టుటకు నూరేండ్లు పట్టినది. 2011 జనాభా లెక్కలనాటికి ఆంధ్రప్రదేశమున సవరలు లక్షకు మించియుండిరి. ఒడిశాలో వారి సంఖ్య అంతకు పెక్కు రెట్లు. ఒకే భాష ఒకచోట తెలుగు లిపిలో, ఒకచోట ఒడియా లిపిలో, క్రైస్తవ సంఘములలో రోమను లిపిలో, మరికొందరి యొద్ద సొంత లిపిలో వ్రాయబడుచున్నది. 2022లో జిల్లాల పునర్విభజన జరిగి సీతంపేట పార్వతీపురం మన్యం జిల్లాలో చేరినది. ఆమదాలవలస శ్రీకాకుళం జిల్లాలోనే యున్నది. రేఖలు మారుచున్నవి. కొండనుండి బడికి వచ్చు పిల్లవాని సమస్య మాత్రము అదియే.

ఆ సమస్యకు వాచకము ఒక్కటియే పరిష్కారము కాదు. పల్లె పెద్దకు నమ్మకము కావలెను. ఆ భాష వచ్చిన ఉపాధ్యాయుడు కావలెను. వాడు అక్కడ నిలువవలెను. వచ్చి చూచు అధికారికి అడుగుటకు మనసుండవలెను. ఈ నాలుగింటిలో ఏది లోపించినను మిగిలిన మూడును కుంటువడును. గిడుగువారి సవర బడుల చరిత్ర మనకు నేర్పునది ఇదియే. విజయముకంటె ఆ లోపమే మనకు ఎక్కువ పనికివచ్చు పాఠము.

బడులను చూడబోవువారికి మేము విన్నవించుకొనున దొక్కటి. యేట్సుగారు బడిలో కూర్చుండి, సున్నము వేసిన గోడను గాక వాకిట ఆడుకొను పిల్లల మాటను విన్నారు. శ్రీనివాస అయ్యంగారు తమకంటె తెలిసినవారిని చూపిరి. రామమూర్తిగారు సంతకు వచ్చిన సవరను గురువుగా చేసికొనిరి. ముగ్గురును చేసినది ఒక్కటియే. ముందు విన్నారు, పిమ్మట చెప్పినారు.

ఆమదాలవలసలో దిగి పాలకొండ రోడ్డుమీద కొండలవైపు పోవువారు ఎవరైనను, తమ ప్రక్కన బస్సులో కూర్చున్న సవర బాలుని ఒక్క మాట అడుగుదురు గాక: 'నీవు దీనిని మీ ఇంట ఏమందువు?' అని. వాడు చెప్పెడి సమాధానము మనకు అర్థము కాకపోవచ్చును. కాని ఆ ప్రశ్నను విన్న వాని కన్నులలో కలుగు ఆశ్చర్యమును చూచినచో, చదువు ఎచట మొదలగునో మనకు తెలియును.